సెడేలియాలో ఒక పూట: మర్యాదను పాఠంగా నేర్పిన షార్లెట్ హాకిన్స్ బ్రౌన్

అమెరికాలోని నార్త్ కరొలైనాలో గ్రీన్స్‌బరోకు తూర్పున పది మైళ్ళ దూరంలో, పాత 70వ నంబరు రోడ్డును ఆనుకుని సెడేలియా ఉంది. నల్లజాతి ఉపాధ్యాయురాలు షార్లెట్ హాకిన్స్ బ్రౌన్ బడి నడిపిన ఊరు ఇది, ఆ బడి ఆవరణ ఇప్పుడు మ్యూజియం. అదే రాష్ట్రంలో కేరీ, మోరిస్‌విల్‌లలో ఉండే మనవాళ్ళకు కారులో గంట ప్రయాణం. మేము 40వ హైవే మీద పడమరకు వెళ్ళి, 135వ ఎగ్జిట్ దగ్గర దిగి, రాక్ క్రీక్ డెయిరీ రోడ్డు మీదుగా ఉత్తరానికి వెళ్ళాం. 70వ రోడ్డు తగలగానే ఎడమకు తిరగాలి. ఫోన్‌లో ఒట్టి సెడేలియా అని కొడితే మిస్సౌరీలో ఉన్న ఊరు కూడా వస్తుంది. షార్లెట్ హాకిన్స్ బ్రౌన్ మ్యూజియం అని పూర్తి పేరు కొట్టండి. పోస్టల్ చిరునామాలో గిబ్సన్‌విల్ అని కనిపిస్తే కంగారుపడకండి, చోటు అదే. ప్రవేశం ఉచితం. ఆది, సోమవారాలు మూసి ఉంటుంది కాబట్టి శనివారం వెళ్ళడం మేలు.

ఇది 1902లో మొదలైన పామర్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ అనే నల్లజాతి పిల్లల బడి ఆవరణ. షార్లెట్ 1883లో ఈ రాష్ట్రంలోనే హెండర్సన్‌లో పుట్టి, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో పెరిగింది. అక్కడ ఆమె ఒక పసిబిడ్డ ఉన్న తోపుడుబండిని నడిపిస్తూ, చేతిలో లాటిన్ పుస్తకం పట్టుకుని చదువుకుంటూ వెళ్తుంటే, వెల్‌స్లీ కాలేజీకి అధ్యక్షురాలిగా పనిచేసిన ఆలిస్ ఫ్రీమన్ పామర్ కంటపడింది. షార్లెట్ పైచదువుకు ఆమె సాయం చేసింది. 1901లో షార్లెట్ సెడేలియాలోని మిషన్ బడికి టీచరుగా వస్తే, ఏడాది తిరిగేసరికి ఆ బడి మూతపడింది. షార్లెట్ వెనక్కి వెళ్ళిపోలేదు. చందాలు పోగుచేసి, ఒక పాత కమ్మరి కొలిమి పాకలో సొంతంగా బడి తెరిచి, దానికి పామర్ పేరు పెట్టింది. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు.

ముందుగా విజిటర్ సెంటర్‌లో ఆమె జీవితాన్ని చూపే ప్రదర్శన చూడండి. అది చూడకుండా ఆవరణలోకి వెళ్తే ఇటుక భవనాలు తప్ప ఏమీ అర్థం కాదు. ఆ తర్వాత కెనరీ కాటేజ్. 1927లో కట్టిన ఈ పసుపురంగు ఇంట్లోనే ఆమె ఉండేది. లోపల ఆనాటి పద్ధతిలో సర్దిన సామాను ఉంటుంది. సిబ్బంది వెంట ఉంటేనే లోపలికి పంపుతారు, కాబట్టి వెళ్ళగానే సమయం అడిగి పెట్టుకోవాలి.

మేము ఎక్కువసేపు ఆగింది కింబాల్ హాల్ దగ్గర. అది భోజనశాల. పామర్‌లో బల్ల దగ్గర కూర్చోవడం కూడా ఒక పాఠమే. ఆ నాటి అమెరికన్ పద్ధతి ఇది: పళ్ళేనికి ఎడమవైపు ఫోర్కులు, కుడివైపు కత్తి, దాని పదును పళ్ళెం వైపు, దానికి ఆవల చెంచా. బయటివైపు ఉన్నవాటితో మొదలుపెట్టి లోపలికి రావాలి. సూప్ చెంచాను మనవైపు లాగకూడదు, అవతలివైపుకు తోయాలి. రొట్టెను కోయకుండా చేత్తో చిన్న ముక్క తుంచుకోవాలి. పిల్లలు తడబడేది సాధారణంగా చెంచా దగ్గరే, ఆకలి మీద ఉంటే చెయ్యి తనవైపుకే వస్తుంది. ఇలాంటివి రోజూ చేస్తేనే అలవాటవుతాయి, చెప్పి వదిలేస్తే పట్టుబడవు.

ఈ నడవడికను ఆమె 1941లో ‘ది కరెక్ట్ థింగ్ టు డూ, టు సే, టు వేర్’ అనే పుస్తకంగా తెచ్చింది. అప్పటికి ఏడాది ముందే రేడియోలో ఇదే విషయం మీద మాట్లాడింది. చదువు, సంస్కృతి, భక్తి అనే మూడు భుజాల త్రికోణమే ఆమె బడి లక్ష్యం.

ఇదంతా తెల్లవాళ్ళను మెప్పించే ప్రయత్నం అనుకునేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆనాటి దక్షిణాదిలో నల్లవారిని మిస్టర్, మిసెస్ అని పిలిచేవారు కాదు. ఎంత పెద్దవారైనా ఒట్టి పేరే. ‘గారు’ దక్కనివ్వకపోవడం ఎంత పెద్ద ఆయుధమో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎదుటివాళ్ళు ఇవ్వని మన్ననను తన పిల్లలకు తానే ఇచ్చుకుంది షార్లెట్. మర్యాద ఒక్కటే కాపాడుతుందని ఆమె నమ్మిందనీ చెప్పలేం. 1920లో మెంఫిస్‌లో మహిళల సభకు రైల్లో వెళ్తుండగా, కొందరు తెల్లవాళ్ళు ఆమెను స్లీపర్ పెట్టెలోంచి లేపి నల్లవారి పెట్టెలోకి పంపారు. సభలో తెల్ల మహిళల ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆమె 1952లో బడి అధ్యక్ష పదవి నుంచి తప్పుకుంది. ప్రధాన భవనం 1971లో కాలిపోయింది, అదే ఏడాది బడి మూతపడింది. 1987లో ఇది ప్రభుత్వ చారిత్రక స్థలంగా తెరుచుకుంది. ఈ రాష్ట్రంలో ఒక నల్లజాతి వ్యక్తి గౌరవార్థం, ఒక మహిళ గౌరవార్థం ఏర్పడిన మొదటి ప్రభుత్వ చారిత్రక స్థలం ఇదే. ఆమె సమాధి ఆవరణలోనే ఉంది. భవనాల మధ్య చాలా నడక ఉంటుంది, ఎండాకాలమైతే పొద్దున్నే రండి. మొత్తానికి రెండు గంటలు పడుతుంది.

మధ్యాహ్నం గ్రీన్స్‌బరో డౌన్‌టౌన్‌కు వెళ్ళండి. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్‌వర్త్ అనే దుకాణంలో, తెల్లవాళ్ళకే వడ్డించే భోజన కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వం అని చెప్పినా లేవలేదు, దుకాణం కట్టేసేదాకా కూర్చున్నారు. ఆ భవనమే ఇప్పుడు మ్యూజియం, దీనికి టికెట్ ఉంటుంది. కౌంటరూ స్టూళ్ళూ అక్కడే ఉన్నాయి. షార్లెట్ 1961 జనవరిలో కన్నుమూసింది, అంటే ఆ కుర్రాళ్ళు కూర్చున్న రోజుకి ఆమె బతికే ఉంది.