ఎనిమిది గాడుల నీలం రోడ్డు

మా ఆవిడ మోకాళ్లకు అయోడెక్స్ రాసుకున్న ప్రతి రాత్రీ నాకు లాంగ్ బీచ్ గుర్తొస్తుంది.

1991లో మా ఓడ అమెరికాలోని ఆ రేవులో సరుకు దించుతూ నాలుగు రోజులు ఆగింది. అప్పుడు నేను ఓడలో ఎలక్ట్రికల్ ఆఫీసర్ని. రెండో రోజు డ్యూటీ దిగాక మా మోటర్‌మన్, ఫిలిప్పీన్స్ కుర్రాడు, "నీకు నచ్చేది ఒకటి చూపిస్తాను" అని బస్సెక్కించాడు. దిగిన చోటు బయటినుంచి టైర్ల గొడౌన్‌లా ఉంది. తలుపు తోయగానే గుప్పుమని ఆ వాసన. నొప్పుల మందుల్లో ఉండే వింటర్‌గ్రీన్ నూనె వాసన అది. అది స్లాట్ కార్ల హాలు, అంటే గాడిలో పరుగెత్తే కరెంటు బొమ్మ కార్ల రేసులు ఆడే చోటు. ఆ కార్ల స్పాంజి టైర్లకు ఈ నూనె రాస్తే రబ్బరు మెత్తబడి రోడ్డును బాగా పట్టుకుంటుంది. పాత రేసర్ల చిట్కా.

వాసన వెనకాలే చప్పుడు, తేనెతుట్టెను కదిపినట్టు. ఆ తర్వాత కనిపించింది ట్రాక్. హాలు నిండా నడుమెత్తున కాళ్ల మీద నిలబెట్టిన నీలం రోడ్డు. దాని మీద పక్కపక్కనే ఎనిమిది గాడులు, ఒక్కో గాడికి రెండు వైపులా రాగి తీగల అల్లిక. ఒక మూలన రోడ్డు మొత్తం పళ్లెం అంచులా పైకి లేచి తిరుగుతోంది. నేను దాని పక్కన నిలబడి ఎంతసేపు చూశానో చెప్పలేను. మా కుర్రాడు అప్పటికే డబ్బులు కట్టి రెండు కంట్రోలర్లు తెచ్చేశాడు.

స్లాట్ కారు చూడనివాళ్ల కోసం కాస్త చెప్తాను. కారు ముందు భాగంలో కింద చిన్న రెక్క ఉంటుంది. అది గాడిలో దిగుతుంది. దానికి అటూ ఇటూ ఉన్న రెండు తీగ కుచ్చులు ట్రాక్ మీది రాగిని రాసుకుంటూ మోటారుకు కరెంటు అందిస్తాయి. మన చేతిలో తుపాకీ లాంటి కంట్రోలర్. దాని గుర్రం, అంటే ట్రిగ్గర్, నొక్కేకొద్దీ దారిలో ఉన్న రెసిస్టెన్స్ తగ్గి కారు వేగం పెరుగుతుంది. పూర్తిగా వదిలేస్తే మోటారు రెండు కొసలూ కలిసిపోతాయి. అప్పుడు తిరుగుతున్న ఆ మోటారే జనరేటర్‌గా మారి తనను తాను ఆపుకుంటుంది. బ్రేకు అదే. స్టీరింగ్ ఉండదు. గాడి ఎటు పోతే కారు అటు పోతుంది. మలుపులో వేగం ఎక్కువైతే మాత్రం రెక్క గాడిలోంచి లేచిపోయి, కారు ఎగిరి ఎవరో మార్షల్ కాళ్ల దగ్గర పడుతుంది. పడిన కార్లను తీసి మళ్లీ గాడిలో పెట్టేవాళ్లను మార్షల్ అంటారు. గాడి తప్పడం అనే మాటను నేను అంత సూటిగా ఇంకెక్కడా చూడలేదు.

స్లాట్ కార్లు నాకు అప్పటికే తెలుసు. మా నాన్నగారు విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరు. గాంధీగ్రామ్ క్వార్టర్స్‌లో మా పక్కింటి మావయ్యగారు ఓడల్లో తిరిగేవారు. 1974లో ఇంగ్లండ్ నుంచి వాళ్లబ్బాయికి స్కేలెక్స్‌ట్రిక్ పెట్టె తెచ్చారు. ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన తన మినీమోడల్స్ కంపెనీ తరఫున 1957లో బజారులో పెట్టిన ఆట అది. నల్ల ప్లాస్టిక్ ముక్కలు ఒకదానికొకటి బిగించి, గచ్చు మీద ఎనిమిది అంకె ఆకారంలో పరిచేవాళ్లం. రెండే గాడులు. పదమూడేళ్ల నాకు అదే ప్రపంచం. కానీ ఆట అయ్యాక ఆ రోడ్డు విప్పి పెట్టెలో పెట్టేసేవారు. లాంగ్ బీచ్‌లో చూసినది విప్పడానికి లేదు. అది ఒకే రోడ్డు, అక్కడే ఉంటుంది, దాని మలుపులకు పేర్లు కూడా ఉన్నాయి.

ఆ ట్రాక్ పేరు కింగ్. 1960లలో అమెరికన్ మోడల్ రేస్‌వేస్ అనే కంపెనీ ఇలాంటివి తయారుచేసి దేశమంతా అమ్మింది. డిజైన్లకు రాజుల పేర్లు పెట్టారు: కింగ్, సావరిన్, మోనార్క్, ఇంపీరియల్. ఒక్కోదానికి ఒక్కో రంగు. కింగ్ నీలం కాబట్టి అందరూ బ్లూ కింగ్ అంటారు. చుట్టుకొలత 155 అడుగులు. అన్నిటికంటే నాకు ముచ్చటేసేది ఊదారంగు సావరిన్. దాన్ని పర్పుల్ మైల్ అంటారు. ఉన్నది 220 అడుగులే, మైలని ఎందుకన్నారు? కార్లు అసలు కారులో 24వ వంతు. 220ని 24తో గుణించి చూడండి, 5280 వస్తుంది. సరిగ్గా ఒక మైలుకున్న అడుగులు. ఈ లెక్క ఓడలో నా కేబిన్‌లో కాగితం మీద వేసుకుని, ఆ డిజైన్ గీసిన మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను. బొమ్మ కార్లకు కూడా ఒక నిజం మైలు ఇవ్వాలని అనుకున్నాడాయన.

కింగ్ మలుపుల్లో లేచి తిరిగేదాన్ని బ్యాంక్ అంటారు. అక్కడ భయపడకుండా గుర్రం పూర్తిగా నొక్కి పట్టుకోవచ్చు, వాలు కారును రోడ్డుకే అదుముతుంది. డోనట్ అంటే దాదాపు గారెలా గుండ్రంగా తిరిగేది. ఫింగర్ వేలులా సాగి వెనక్కి వస్తుంది. డెడ్ మ్యాన్ అనే మలుపు దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక మార్షల్ నిలబడి ఉండాల్సిందే. మొదటి రోజు నా కారు అక్కడ ఎన్నిసార్లు ఎగిరిందో ఆ మార్షల్‌కే తెలియాలి. అద్దె కారుతో నా ల్యాపు పది సెకన్లు పట్టింది. ఇప్పటి వింగ్ కార్లు, అంటే గాలి రోడ్డుకు అదిమేలా రెక్కలున్నవి, అదే 155 అడుగులను రెండు సెకన్లలోపే చుట్టేస్తాయి. కంటికి రంగు తప్ప కారు కనపడదు.

గాడులకు కూడా రంగులే గుర్తు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నారింజ, నీలం, పసుపు, ఊదా, నలుపు. ఈ చివర ఎరుపు, ఆ చివర నలుపు. ఈ రెండిటినీ గట్టర్ అంటారు. మన భాషలో మురిక్కాలవ పక్క గాడి. మలుపులో కారు తోక విసిరితే జాగా ఉండదు, గోడకు కొట్టుకుంటుంది. లోపలి చివరయితే వంపు మరీ బిగుతు. ఆ రెండూ ఎవరికీ వద్దు. అందుకే రేసు ఒక్క గాడిలో అయిపోదు. మూడేసి నిమిషాల చొప్పున ఎనిమిది హీట్లు, అంటే విడతలు. ప్రతి హీట్‌కూ గాడి మారాలి, చివర్లో అన్ని ల్యాపులూ కలిపి చూస్తారు. కొత్తగా వచ్చిన నేనూ, పాతికేళ్లుగా అక్కడే ఆడుతున్న తాతగారూ, ఇద్దరం మూడు నిమిషాలు నల్ల గాడిలో ఇబ్బంది పడ్డాం. ఆ పద్ధతి నాకు ఎంత నచ్చిందో.

1960ల మధ్యలో అమెరికాలో ఇలాంటి హాళ్లు వేలల్లో ఉండేవట. తర్వాత కార్లు ఖరీదైపోయాయి, వేగం పెరిగిపోయింది, సరదాగా వచ్చే పిల్లలు ఆరితేరినవాళ్ల ముందు నిలబడలేకపోయారు. దశాబ్దం ముగిసేలోపే చాలావరకు మూతపడ్డాయి. నేను చూసినది మిగిలిపోయిన కొద్దింటిలో ఒకటి. 1996లో మళ్లీ వెళ్లేసరికి అది నిజంగానే గొడౌన్ అయిపోయింది. గాజు తలుపుకు ముక్కు ఆనించి చూశాను. లోపల అట్టపెట్టెలు.

2006లో ఓడలు మానేసి మర్రిపాలెంలో ఇల్లు కట్టుకున్నాక, డాబా మీద రేకుల షెడ్డు వేయించి నా ట్రాక్ మొదలుపెట్టాను. నాలుగు గాడులు చాలనుకున్నాను. పూర్ణా మార్కెట్ దగ్గర 12 ఎం.ఎం. ప్లైవుడ్ కొని, కంచరపాలెం నుంచి వడ్రంగి మేస్త్రిని పిలిచాను. ఆయన పెన్సిల్ చెవి మీద పెట్టుకుని చాలాసేపు షీట్లనే చూశాడు.

"ఏటి బాబూ, బంగారం లాటి ప్లైవుడ్డు. దీనికి గాడులు కొట్టీమంటన్నారేటి?"

డిజైన్ నేనే గీశాను, అక్కడే చిక్కుకుపోయాను. కోడిగుడ్డు ఆకారంలో గీస్తే బయటి గాడి పొడవు ఎక్కువైపోతోంది. గాడికీ గాడికీ పది సెంటీమీటర్ల ఎడం. ఒక చుట్టు తిరిగేసరికి పక్క గాడికంటే 63 సెంటీమీటర్లు అదనం. నాలుగో గాడికి వచ్చేసరికి ఆరడుగుల పైనే తేడా. ట్రాక్ ఎంత పెద్దదైనా, చిన్నదైనా ఈ తేడా ఒక్కటే, ఎందుకంటే అది మలుపుల లెక్క, పొడవుతో సంబంధం లేదు. వారం రోజులు కాగితాలు చించాను.

అమ్మ అప్పుడు మా దగ్గరే ఉండేది. ధనుర్మాసం. ఉదయం కాఫీ తాగుతూ గుమ్మంలో ఆమె ముగ్గు పెడుతుంటే చూస్తూ నా గోడు చెప్పుకున్నాను. చుక్కల చుట్టూ గీత తిప్పుతూనే వింది.

"ఒరే, మెలిక ముగ్గు ఎప్పుడూ చూళ్లేదేట్రా? ఇటొకసారి తిరిగితే అటొకసారి తిరగాల. ఒక్కవైపే తిప్పితే చుట్టయిపోద్ది."

ఎనిమిది అంకె. పక్కింటి మావయ్యగారి గచ్చు మీద నేను రోజూ పరిచిన ఎనిమిది. ఎడమకు ఎంత తిరిగిందో కుడికీ అంతే తిరిగితే, ఒక మలుపులో బయట ఉన్న గాడి ఇంకో మలుపులో లోపలికి వస్తుంది, లెక్క సమానం. అమ్మ పిండితో నేల మీదే నాలుగు గీతల మెలిక వేసి చూపించింది. నేను దాన్ని టేపుతో కొలిచి, మేడ మీదికి పరుగెత్తి పెద్ద కాగితం మీద ఎక్కించాను. గీతలు దాటుకునే చోట వంతెన వచ్చింది. కింద కారు పోవడానికి నాలుగంగుళాల ఎత్తు చాలు, కానీ ఎక్కుడు మెల్లగా ఉండాలి. సింహాచలం ఘాట్ రోడ్డు మీద స్కూటరు తోలినవాడికి ఆ ఎక్కుడు ఎలా ఉండాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

మేస్త్రి సన్నటి టేకు రీపరును వంచి, మేకులు కొట్టి, దాని అంచు పట్టుకుని గాడులు కోసే రూటర్ మిషను నడిపాడు. ఆ వంపుల్లో ఎక్కడా చేయి వణికిన జాడ లేదు. రాగి టేపు నేను అంటించాను. మొదటి రోజే కారు దూరపు మలుపులో నీరసపడింది. అన్నేసి అడుగుల సన్నటి టేపులో వోల్టేజి పడిపోతుంది కదా, కింద నుంచి లావు వైరు లాగి ప్రతి పదడుగులకూ కరెంటు అందించాను. సరఫరాకు 12 వోల్టుల కారు బ్యాటరీ.

మన ఊళ్లో అసలు శత్రువు సముద్రపు గాలి. వారం ఆడకపోతే రాగి నల్లబడి, తర్వాత పచ్చబడేది. బిందెలు తోమినట్టు చింతపండుతో రుద్దమంది అమ్మ. ఒక ముక్క మీద ప్రయత్నించాను, తళతళలాడింది. కానీ బిందెలా కడగడానికి వీలుకాదు కాబట్టి పులుపు అంచుల్లో మిగిలిపోయి మూడో రోజుకే ఇంకా ఎక్కువ పచ్చబడింది. చివరికి పిల్లల పెన్సిల్ రబ్బరే నిలబడింది. ఆదివారం పొద్దున్నే 62 అడుగుల నాలుగు గాడులూ రబ్బరుతో రుద్దడం నా పని. ఆ పని నాకు పూజలాగే ఉండేది.

సాయంత్రం వీధి పిల్లలంతా వచ్చేవారు. మేస్త్రి కూడా వచ్చేవాడు, తన మనవణ్ని తీసుకుని. గెలిచేది ఎక్కువగా ఆయనే. ప్రతి గాడినీ తన చేత్తో కొట్టాడు, ఏ వంపు ఎక్కడ బిగుస్తుందో వేళ్లకు తెలుసు. లాంగ్ బీచ్ పద్ధతే పెట్టాను: మూడు నిమిషాలకోసారి గాడి మార్పు. పిల్లలు మొదట గొడవ పడ్డారు, రెండు వారాలకు వాళ్లే వాచీ పట్టుకుని "మార్చండి, మార్చండి" అని అరిచేవారు. కరెంటు పోయినా బ్యాటరీ మీద ఆట నడిచేది, ఎమర్జెన్సీ లైటు వెలుగులో.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. ఆ రోజు గాలి చప్పుడు విన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి షెడ్డు రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. మర్నాడు డాబా ఎక్కితే ప్లైవుడ్ అప్పడంలా ఉబ్బి పొరలు విడిపోయి ఉంది. వంతెన పక్కింటి మామిడిచెట్టు మీద దొరికింది. ఆ చెట్టూ పడిపోయే ఉంది. ఊరంతా చీకట్లో ఉంటే ట్రాక్ గురించి ఎవరితో చెప్పుకుంటాం? మేస్త్రి ఒక్కడే అడక్కుండా వచ్చాడు. ముక్కలన్నీ తిరగేసి, పాడవని మలుపు ఒకటి వెతికి, అంచులు చిత్రిక పట్టి నా చేతికిచ్చాడు. నాలుగు గాడులు, అర్ధవృత్తం. అది ఇప్పుడు మా ముందుగదిలో గోడకు ఉంది. చుట్టాలు ఏదో కళాఖండం అనుకుంటారు.

అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆమె పిండితో గీసిన మెలికను ఎక్కించిన కాగితం నా దగ్గర ఉంది, నాలుగు మడతలతో, ఒక మూల టీ మరకతో.

కింది వాటాలో అద్దెకున్నవాళ్లు గత నెల ఖాళీ చేశారు. గోడ తీసేస్తే 22 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. సిమెంటు శ్లాబు, రేకులు కాదు. ఈసారి రాగి టేపు బదులు తగరం పూత ఉన్న అల్లిక తెప్పిస్తున్నాను, ఉప్పుగాలికి కాస్త ఆగుతుంది. మేస్త్రికి చేతులు వణుకుతున్నాయట. అందుకని ఆయన మనవడు, ఒకప్పుడు మా ట్రాక్ దగ్గర వాచీ పట్టుకున్నవాడే, రూటర్ తెస్తానన్నాడు. తాత కుర్చీలో కూర్చుని చెప్తాడట.

నీలం రంగు డబ్బా కొనేశాను. మా మనవరాలు ఇప్పటినుంచే ఎర్ర గాడి తనదంటోంది. మొదటి మూడు నిమిషాలకు ఇస్తానన్నాను. నల్లది నేను తీసుకుంటున్నాను.