తరుగు తీసి చూసిన బెంజి

బ్యాంకులో పనిచేసిన 32 ఏళ్లలో 11 ఏళ్లు నేను తిరుపతిలో బంగారు నగల మీద అప్పులిచ్చే బల్ల దగ్గరే గడిపాను. నగను గీటురాయి మీద గీసి చూడటం ఆచారి పని. ఆయన చెప్పిన బరువులోంచి రాళ్లు, లక్క, పూసలు, దారం తీసేసి మిగిలిన బంగారానికి మాత్రమే విలువ కట్టడం నా పని. ఎంత పెద్దింటి వడ్డాణమైనా తరుగు తీయకుండా తూకం రాసిన రోజు లేదు. అటువంటి నేను, పదవీ విరమణ చేసిన తరువాత ఒక పాత జర్మన్ కారును చూసి, 20 నిమిషాలలో తరుగు అనే మాటనే మరచిపోయాను.

ఆ కారు మెర్సిడెస్ బెంజ్ 240 డి. డబ్ల్యూ 123 అనే వర్గానికి చెందిన ఈ బండ్లను జర్మనీలో 1976లో విడుదల చేసి, 1980ల నడిమి వరకు తయారు చేశారు. మలేషియాలో చాలాకాలం వైద్యుడిగా పనిచేసిన ఒక పెద్దాయన 1982లో స్వదేశానికి తిరిగి వస్తూ దీనిని కొత్తగా తెచ్చుకున్నారు. ఆయన పోయిన తరువాత చిత్తూరు శివార్లలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనుక ఉన్న రేకుల షెడ్డులో అది ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 2022 మే నెలలో, మిట్టమధ్యాహ్నం, బ్రోకరు నన్ను అక్కడికి తీసుకువెళ్లి తాళం తిప్పగానే ఇంజిన్ ఒక్క పలుకులో అందుకుంది. 9 లక్షలు చెప్పాడు. "కాణిపాకం వచ్చి ప్రమాణం చేయమన్నా చేస్తాను సార్, బండి ముట్టుకున్నోడు లేడు" అని కూడా అన్నాడు. కాణిపాకం అక్కడికి కూతవేటు దూరమే కాబట్టి ఆ మాటకు మా జిల్లాలో ఉండే బరువు వేరు. అడ్వాన్సు ఇవ్వడానికి జేబులో చెయ్యి కూడా పెట్టాను.

నన్ను ఆపినది నాతో వచ్చిన మేస్త్రి భాయ్. రేణిగుంట రోడ్డులో డీజిల్ పంపుల పని చేసే మనిషి. పక్కకు పిలిచి, "ఈ ఎండకు ఏ డీజిల్ బండైనా పలుకుతుంది సార్, మార్గశిరంలో తెల్లవారుజామున వచ్చి చూద్దాం" అన్నాడు. ఆ మాటలోని శాస్త్రం ఇంటికి వచ్చాక గానీ నాకు తలకెక్కలేదు. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులోని గాలిని 21 వంతుల నుంచి 1 వంతుకు నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి గాలి జారిపోతున్నా, బయటి గాలే 42 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ లోటు కనిపించదు. జర్మనీలో పాత డీజిలు కొనేవాడికి చలి తానే పరీక్ష పెడుతుంది. మనం మాత్రం ఆ పరీక్ష కోసం చలికాలం దాకా ఆగాలి, అదీ బానెట్ మీద చెయ్యి పెట్టి, మనకన్నా ముందే ఎవరూ వచ్చి బండిని వేడి చేసి పెట్టలేదని తేల్చుకున్న తరువాతే.

అందుచేత ఎనిమిది నెలలు ఆగాను. ఈ లోపల బంధువులు ఊరుకోలేదు. 2022లోనే మెర్సిడెస్ సంస్థ తన 1955 నాటి 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హౌట్ కూపేను 13.5 కోట్ల యూరోలకు అమ్మిన వార్త వచ్చింది. మా బావమరిది దానిని ఫోనులో నాకు పంపి, "బావా, పాత బెంజి అంటే బంగారమే, ఆలస్యం చేయవద్దు" అని రాశాడు. ఆ కూపేలు ప్రపంచంలో రెండే ఉన్నాయి. నేను చూసిన డబ్ల్యూ 123 వర్గం బండ్లు సుమారు 27 లక్షలు తయారయ్యాయి. రెండింటి ముక్కు మీదా మూడు కోణాల నక్షత్రం ఉన్నది గనుక ఒకదాని ధర చూసి రెండవదానికి విలువ కట్టడం, అరుదైన నగ వేలం ధరను చూసి వీధి చివరి కొట్టులో ఉంగరం కొనడం వంటిది. నిజానికి ఆ నక్షత్రం మన తాతలకు లారీల మీద కూడా కనిపించింది. 1954 నుంచి 1969 వరకు టాటా వారి లారీలు, బస్సులు ఆ గుర్తుతోనే వచ్చాయి.

2023 జనవరిలో, భోగికి నాలుగు రోజుల ముందు, తెల్లవారుజామున 5 గంటలకు తిరుపతిలో బయలుదేరి చిత్తూరు చేరాము. బానెట్ మంచులా చల్లగా ఉంది. చల్లటి సిలిండర్లను ముందుగా వేడిచేసే హీటరు ప్లగ్గుల దీపం ఆరిన తరువాత సెల్ఫ్ కొడితే మూడు సార్లు దగ్గి, నాలుగవసారి తెల్లటి పొగతో లేచింది. ఒక సిలిండరు నిమిషం పైగా కలిసి రాలేదు. భాయ్ ఇంజిన్ ఆయిలు పోసే మూతను విప్పి, తిరగేసి రంధ్రం మీద పెట్టాడు. మూత కాస్త ఎగిరెగిరి ఆడితే ఫరవాలేదు, ఎగిరి కింద పడితే రింగులు పోయినట్టే. అది ఆడింది గానీ పడలేదు. తాళం ఆర్పితే మాత్రం ఇంజిన్ ఆగలేదు! ఈ బండిలో ఇంజిన్ ఆపడమూ, తలుపుల తాళాలు పడటమూ వాక్యూమ్ గొట్టాల మీద నడిచే పనులు. ఎక్కడో రబ్బరు చిట్లి గాలి చొరబడుతున్నది. భాయ్ బానెట్ ఎత్తి, లోపలి స్టాప్ మీటను నొక్కి ఆపాడు. బ్రోకరు కాసేపు ఆకాశం వైపు చూశాడు.

ఇంజిన్ గురించి ఇంత రాశాను గానీ, ఇటువంటి బండి విలువలో ఇంజిన్‌ది చిన్న వాటా అని ఇప్పుడు నా అభిప్రాయం. డబ్బును మింగేది రేకు. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని చేతిలో పట్టుకుని, జాకీ పెట్టే నాలుగు చోట్లా, తలుపుల కింది గడపల వెంట, ముందు అద్దం కింది గాలి తొట్టిలో, డిక్కీలో చక్రాల గూళ్లలో, వెనుక అద్దం కింది అంచున జరుపుకుంటూ వెళ్లాలి. అయస్కాంతం పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉన్నది. ఈ బండికి కుడివైపు అంతా శుభ్రంగా ఉండి, ఎడమ గడపలో జానెడున్నర మేర పట్టు వదిలింది. ఎడమ ముందు చక్రం పైన లోపలి రేకు మీద సుత్తి దెబ్బల గుర్తులు, కంపెనీ వెల్డింగు కాని వెల్డింగు కనిపించాయి. ఎప్పుడో గట్టిగా గుద్దుకున్న బండికి ఎవరో నాటు టింకరింగుతో పుత్తూరు కట్టు కట్టించారు. మనిషి ఎముకకు ఆ కట్టు ఎంత బాగా పనిచేసినా, కారుకు కట్టిన కట్టు అమ్మకం నాడు బయటపడుతుంది.

రేకు విషయంలో మన ప్రాంతానికి ఒక సుగుణం ఉన్నది. చెన్నై సముద్రపు గాలి తిన్న బండికీ, మదనపల్లె, చిత్తూరు వంటి ఎండు గాలిలో పెరిగిన బండికీ తుప్పులో చాలా వ్యత్యాసం కనిపిస్తుంది. నేను చెన్నైలో చూసిన ఒక 300 డి పైకి అద్దంలా మెరుస్తూ, కింద స్క్రూడ్రైవరు దిగిపోయేంత మెత్తగా ఉన్నది. అయితే మన ఎండ వేరే విధంగా వసూలు చేసుకుంటుంది. డాష్‌బోర్డు పగులుతుంది, తలుపుల రబ్బరు బీడింగులు రాయిలా బిగుసుకుంటాయి. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను పగిలిన డాష్‌బోర్డునే ఎంచుకుంటాను.

తరువాతి గంట కాగితాలతో గడిచింది, నాకు అలవాటైన పని కాబట్టి హాయిగా కూడా గడిచింది. వైద్యుడుగారు సర్వీసు పుస్తకాన్ని, డేటా కార్డును ప్లాస్టిక్ కవరులో దాచిపెట్టారు. బండి ఏ రంగుతో, ఏ ఇంజిన్‌తో, ఏ అదనపు సామగ్రితో ఫ్యాక్టరీ దాటిందో చెప్పే జాతక చక్రం ఆ కార్డు. దానిని బండి మీది అంకెలతో పోల్చి చూడాలి. చాసిస్ సంఖ్యలో 123123 అన్నది 240 డి అని చెబుతుంది. దాని వెనుకనే వచ్చే అంకె 2 అయితే కుడిచేతి స్టీరింగుతో పుట్టిన బండి, 1 అయితే ఎడమచేతి బండి. గల్ఫ్ నుంచి వచ్చిన కొన్ని బండ్లను ఇక్కడ కోసి, అతికి, స్టీరింగు మార్చారు గనుక ఈ ఒక్క అంకె లక్షల మాట. నా బండికి 2 ఉన్నది. కార్డులో రంగు సంఖ్య 904, అంటే ముదురు నీలం. ఎదుట నిలబడిన బండి తెలుపు. డిక్కీ కార్పెట్ లేపితే ఆ నీలం ఇంకా అక్కడ ఉంది, నాకు ఎంతో నచ్చింది కూడా. "ముట్టుకున్నోడు లేడు" అన్న ప్రమాణం మాత్రం అక్కడితో కరిగిపోయింది.

అసలు దెబ్బ ఇంజిన్ సంఖ్య దగ్గర తగిలింది. కార్డు ప్రకారం అది 616912తో మొదలు కావాలి. బ్లాకు మీద ఉన్నది వేరే సంఖ్య. ఆర్సీలో కూడా 1998లో ఇంజిన్ మార్పు నమోదైంది కాబట్టి చట్టపరంగా చిక్కు లేదు. జరిగినదేమిటో భాయ్ చూడగానే చెప్పాడు. బజాజ్ టెంపో సంస్థ ఈ 616 ఇంజిన్‌ను జర్మన్ సంస్థ లైసెన్సు మీద మన దేశంలోనే తయారుచేసి ట్రాక్స్, ట్రావెలర్ బండ్లలో వాడింది. ఒకప్పుడు మన తిరుపతి స్టేషను ముందు యాత్రికులను పిలిచిన ట్రాక్స్ బండ్ల గుండె, ఈ వైద్యుడుగారి బెంజి గుండె ఒకే వంశానికి చెందినవి. అసలు ఇంజిన్ పోయినప్పుడు ఎవరో టెంపో ఇంజిన్ దించారు. పట్టింపు గల సేకర్తలు అటువంటి బండి వైపు చూడరు. నేను మాత్రం, విడిభాగాలు ఊళ్లోనే దొరుకుతాయి, రోజూ నడిపే బండికి ఇంతకన్నా ఏం కావాలి అని వాదించుకుని, దానికి లక్ష రూపాయల తరుగు సరిపోతుందని నిర్ణయించాను. ఆ నిర్ణయం సంగతి చివర చెబుతాను.

ఇక ఆర్సీ. 1982 అక్టోబరులో రిజిస్టరైన బండికి 15 ఏళ్ల తరువాత అయిదేసి ఏళ్లకు పొడిగిస్తూ వచ్చారు గానీ 2017 అక్టోబరుతో అది ముగిసింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన మార్పు ప్రకారం దిగుమతి అయిన కారుకు పునర్నమోదు రుసుము అప్పట్లో 40 వేల రూపాయలు. ఆలస్యమైన ప్రతి నెలకు 500. బ్రోకరు ఇక్కడ మరొక పాఠం చదివాడు. ఇది వింటేజ్ బండి కాబట్టి ఈ గొడవలేవీ వర్తించవట! మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే 50 ఏళ్లు నిండాలి. అప్పుడే 20 వేల రుసుముతో 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక సంఖ్య ఇస్తారు. జర్మనీలో 30 ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉన్న బండికే చారిత్రక వాహనపు నంబరు పలక దొరుకుతుంది. ఈ రెండు దేశాల నియమాలను కలిపి అమ్మేవారిని నేను ఆ తరువాత కూడా చూశాను.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని, అప్పు దరఖాస్తు రాసినట్టే కాగితం మీద రాశాను. ఆ ఏడాది చెన్నై, బెంగళూరు, కోయంబత్తూరులలో నేను స్వయంగా చూసిన నాలుగు మంచి డబ్ల్యూ 123లకు యజమానులు అడిగిన ధరలు 8 నుంచి 11 లక్షల మధ్య ఉన్నాయి. అడిగిన ధర అమ్ముడుపోయిన ధర కాదు గనుక 8 లక్షలనే మొదలుగా పెట్టుకున్నాను. టింకరింగుకు, రంగుకు 1,75,000. ఇంజిన్ మార్పిడికి లక్ష. పంపు, నాజిళ్లు, హీటరు ప్లగ్గులకు 45 వేలు. వాక్యూమ్ గొట్టాలకు, బీడింగులకు 35 వేలు. స్టెప్నీతో కలిపి అయిదు టైర్లకు 30 వేలు. రుసుము, 63 నెలల ఆలస్యంతో ఆర్సీకి 71,500. మొత్తం తరుగు 4,56,500. మిగిలినది 3,43,500.

ఈ పద్ధతి ఏ జర్మన్ బండికైనా పనికివస్తుంది, తరుగు ఉండే చోటు మారుతుంది అంతే. 1995 నుంచి పుణె వద్ద బిగించిన డబ్ల్యూ 124 అనే తరువాతి బెంజి వర్గంలో పెట్రోలు 'ఈ-220' మోడలు కొనేవారు ముందుగా వైరింగు చూడాలి. ఆ కాలపు తీగల మీది తొడుగు వేడికి పెళుసై రాలిపోతుంది. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో వెనుక సీటు ఎత్తి చూస్తే చాసిస్ సంఖ్య, బ్యాటరీ, ఆ బ్యాటరీ ఆమ్లం తిన్న నేల, మూడూ ఒకే చోట కనిపిస్తాయి.

వైద్యుడుగారి అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చాడు. నా కాగితాన్ని మౌనంగా చదివి, "నాయన ఈ బండి తుడవనిదే కాఫీ తాగేవారు కాదండీ" అన్నాడు. 3,80,000కు ఒప్పుకున్నాను. ఆ 36,500 రూపాయలకు నా లెక్కలో ఏ పద్దూ లేదు.

రేకు పని 1,75,000తో ఆగలేదు, ఎడమ గడప విప్పాక 2,40,000 అయింది. బండి మళ్లీ ముదురు నీలానికి వచ్చింది. భాకరాపేట ఘాట్‌లో లారీల వెనుక రెండవ గేరులో ఓపికగా ఎక్కుతుంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన దిగుమతి కార్ల పునర్నమోదు రుసుమును 80 వేలు చేశారు. నాకు 2028లో మళ్లీ కట్టవలసి ఉంది గనుక వింటేజ్ నిబంధనను మరొకసారి తీసి, ఈసారి పూర్తిగా చదివాను. 50 ఏళ్లు నిండటం ఒక్కటే చాలదు, చాసిస్‌లోగానీ, బాడీలోగానీ, ఇంజిన్‌లోగానీ గణనీయమైన మార్పు ఉండకూడదని అందులో ఉంది. నేను లక్షతో సరిపెట్టిన టెంపో ఇంజిన్ 2032 అక్టోబరులో నా దారికి అడ్డం నిలబడే అవకాశం ఉంది. ఆంబూరులో ఒక పాత సామాన్ల కొట్టులో 616912తో మొదలయ్యే బ్లాకు ఒకటి ఉన్నదని భాయ్ కబురు తెచ్చాడు. వచ్చే ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరుతున్నాము.