హెల్త్ కాపీరైటింగ్‌నే ఎందుకు పట్టుకున్నానంటే

ఫ్రీలాన్స్‌గా అన్నిరకాల రాతలూ రాస్తూ వచ్చి చివరికి హెల్త్ కాపీరైటింగ్ (ఆరోగ్య ఉత్పత్తులు, సేవల గురించి క్లయింట్ల కోసం రాయడం) ఒక్కదానికే పరిమితమైనప్పుడు పని తగ్గిపోతుందేమోనని టెన్షన్ పడ్డాను గానీ, జరిగింది వేరు. ఏదైనా రాస్తాం అనేవాళ్లు బోలెడుమంది. ఒక అధ్యయనం తెరిచి అది మనుషుల మీద చేశారా ఎలుకల మీదా, ఎంతమంది మీద, డబ్బు ఎవరు పెట్టారు అని చూసి రాసేవాళ్లు తక్కువ. క్లయింట్లు మళ్లీ వచ్చేది అందుకే.

నా సమయంలో ఎక్కువ భాగం చదవడానికే పోతుంది. పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైట్) వెతకడం ఉచితమే, సారాంశం దగ్గర ఆగకుండా పూర్తి పేపర్ దొరికితే చదవాలి, కాక్రేన్ సమీక్ష (ఒక ప్రశ్న మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి తూచి చెప్పే నివేదిక) ఉంటే ముందు అదే. ఒక జబ్బు ముప్పు 100 మందిలో ఇద్దరి నుంచి ఒకరికి తగ్గితే "50 శాతం తగ్గింది" అని రాయొచ్చు, లెక్క తప్పేం కాదు, కానీ చదివే మనిషికి అసలు సంగతి అందదు. నేను శాతమూ, 100 మందిలో ఎంతమందికో ఆ లెక్కా రెండూ రాస్తాను. సప్లిమెంట్ జబ్బును నయం చేస్తుందని రాయమంటే మాత్రం రాయను (చాలా దేశాల్లో చట్టమూ ఒప్పుకోదు). దీనిమీదే ఒక మంచి ప్రాజెక్టు వదులుకున్నాను, బాధేసింది, అయినా అవతల చదివేది భయంలో ఉన్న మనిషి కదా.

డాక్టర్ చదువు ఉండాలా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. అక్కర్లేదు. మధుమేహమో నిద్రో, ఒక విభాగం ఎంచుకుని రెండు మూడు నమూనాలు ఆధారాలతో సహా రాసి పెట్టుకోండి. వైద్యపరంగా ఎవరు సరిచూస్తారో ఒప్పందంలో ముందే రాయించుకోండి.