చెమట పట్టనివ్వకండి: లాప్లాండ్‌లో కుక్కల బండి మీద ఐదు రోజులు

మా తమ్ముడు ఫిన్లాండ్‌లోని ఎస్పూలో ఉద్యోగం చేస్తున్నాడు. "అక్కా, ఎండాకాలంలో రా, హాయిగా తిరగొచ్చు" అని మూడేళ్లుగా పిలుస్తున్నాడు. చలికాలమే కావాలని నేనే పట్టుబట్టాను. డిగ్రీ పిల్లలకు ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. గుప్తోష్ణం, ఉష్ణవహనం, అరోరా (ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే వెలుగు) అన్నీ బోర్డు మీద రాసినవే తప్ప ఒంటికి తెలిసినవి కావు. విజయవాడలో పుట్టి పెరిగిన నాకు చలి అంటే సంక్రాంతి ముందు నాలుగు రోజులు స్వెట్టర్ వేసుకోవడమే. 2025 ఫిబ్రవరి చివర్లో, ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, ఫిన్లాండ్‌లోని లాప్లాండ్ ప్రాంతంలో, మువోనియో దగ్గర ఐదు రోజుల హస్కీ (మంచులో బండి లాగే కుక్కలు) యాత్రకు ఇద్దరం పేర్లిచ్చాం. ఎలా వెళ్లావు, ఎలా తట్టుకున్నావు అని తోటి లెక్చరర్లు అడుగుతూనే ఉన్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

వీసా పని అనుకున్నంత కష్టం కాలేదు. ఫీజు 90 యూరోలు, తమ్ముడి ఆహ్వానం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కాలేజీ ఇచ్చిన సెలవు కాగితం సరిపోయాయి. చిక్కంతా ఇన్సూరెన్స్‌తోనే వచ్చింది. షెంజెన్ వీసాకు (ఫిన్లాండ్‌తో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే ఒకే వీసా) కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. నాకు మొదట అమ్మిన పాలసీలో ఆ మొత్తం ఉంది కానీ, లోపల చిన్న అక్షరాల్లో సాహస క్రీడలు వర్తించవని రాసి ఉంది. కుక్కల బండి అందులోకి వస్తుందా అని మెయిల్ పెడితే, వస్తుంది, కాబట్టి డబ్బు ఇవ్వం అన్నారు. దాన్ని రద్దు చేసి వేరేది తీసుకున్నాను. మీరు కూడా ఈ ప్రశ్న రాతలోనే అడగండి.

మూడు నెలల ముందు నుంచి రోజు విడిచి రోజు ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కి దిగాను. ఇది చాలా పనికొచ్చింది. బండి మీద కూర్చునే యాత్ర కాదిది, గంటల తరబడి మోకాళ్లు కాస్త వంచి నిలబడాలి.

హెల్సింకిలో రాత్రి రైలెక్కితే పొద్దున్నకు కొలారి చేరాం. ఫిన్లాండ్‌లో ప్రయాణికుల రైలు వెళ్లే చిట్టచివరి ఉత్తర స్టేషన్ అదే. అక్కడి నుంచి బస్సు. కుక్కల శిబిరం దగ్గర దిగేసరికి మైనస్ 24. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి, ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల చిటపటమన్నట్టు అనిపించింది.

మా గైడ్ ముప్పై దాటిన ఫిన్నిష్ అమ్మాయి, మాట తక్కువ. ఓవరాల్ (ఒళ్లంతా కప్పే పై దుస్తు), బూట్లు, పెద్ద చేతి తొడుగులు వాళ్లే ఇచ్చారు. లోపలి బట్టలన్నీ ముందు పరిచి చూపించమంది. మెరినో గొర్రెల సన్నని ఉన్నివి రెండు జతలు ఉంచింది. నూలు బట్ట ప్రతిదీ, లోదుస్తులతో సహా, పక్కన పెట్టించింది. నూలు చెమటను పట్టుకుంటుంది, ఆరదు. మనకు మే నెలలో అంత హాయినిచ్చే గుణమే అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. తర్వాత నా ముఖం చూసి, బయటికి కనిపించే లోహం ఏదీ ఉండకూడదంది. మెడలో సూత్రాలు బట్టల లోపల ఒంటి వేడికే ఉంటాయి కాబట్టి ఫర్వాలేదు. చెవులవి తేలిగ్గానే వచ్చాయి. ముక్కుపుడక మాత్రం అమ్మ దగ్గరుండి కుట్టించింది, ఇరవై రెండేళ్లుగా తీయలేదు. మర బిగుసుకుపోయింది. తమ్ముడు సబ్బు నీళ్లు పెట్టి, గోళ్లతో కొంచెం కొంచెం తిప్పుతూ పది నిమిషాలు కష్టపడితే ఊడింది. మాత్రల డబ్బాలో దూది పరిచి దాచాను. ఆ ఐదు రోజులూ ముక్కు తడుముకున్నప్పుడల్లా అమ్మే గుర్తొచ్చింది.

అందరినీ నిలబెట్టి గైడ్ రెండే సూత్రాలు చెప్పింది. పడిపోయినా బండి పిడి వదలకండి. చెమట పట్టనివ్వకండి. మొదటిది వెంటనే అర్థమైంది. పిడి వదిలితే కుక్కలు ఆగవు, బండితో సహా అడవిలోకి వెళ్లిపోతాయి. రెండోది వినడానికి చిన్న మాటలా అనిపించింది.

నాకు ఐదు కుక్కలు ఇచ్చారు. ముందు నడిపేది లుమి. ఆ మాటకు మంచు అని అర్థమట. బండి లాగే పట్టీ తొడగడం అంటే, కుక్కను మోకాళ్ల మధ్య పట్టుకుని, తల దూర్చి, ముందు కాళ్లు ఒక్కొక్కటీ మడిచి లాగాలి. మొదటి రోజు ఒక్కో దానికి ఐదు నిమిషాలు పట్టింది. చివరి రోజు నేను పట్టీ తెరిస్తే లుమి తనే తల దూర్చింది. బయల్దేరే ముందు అరుపులు, ఎగరడాలు, పక్క మనిషి మాట కూడా వినపడదు. మంచులో దిగేసిన లంగరు పీకి, బ్రేకు మీద నుంచి కాలు తీసిన క్షణంలో అన్నీ ఒక్కసారిగా నోరు మూసేస్తాయి. బండి అడుగు బద్దల కింద మంచు రాపిడి, కుక్కల ఊపిరి, ఇంకేమీ వినపడదు. ఆ నిశ్శబ్దం కోసమైనా మళ్లీ వెళ్తాను.

రెండో రోజు పల్లాస్-యుల్లాస్తున్‌తురి నేషనల్ పార్కు వైపు కొండ ఎక్కాలి. ఎక్కుడులో మనం దిగి బండిని తోయాలి, లేకపోతే కుక్కలు వెనక్కి తిరిగి మన ముఖం చూస్తాయి. వాటి కష్టం చూడలేక నేను పరిగెత్తుతూ తోశాను. జిప్ మెడ దాకా వేసే ఉంది. పైకి చేరేసరికి వీపంతా తడి. మనకు అలవాటే కదా, ఆరిపోతుందిలే అనుకున్నాను. కొండ దిగి గడ్డకట్టిన సరస్సు మీదికి రాగానే గాలి మొదలైంది. పావుగంటలో పళ్లు టకటకలాడాయి. ఇంకాసేపటికి వేళ్లు పిడి మీద ఉన్నాయో లేదో తెలియలేదు. గ్రాము నీరు ఆవిరి కావడానికి ఐదు వందలకు పైగా కేలరీల వేడి కావాలని ఎన్ని వందల మంది చేత రాయించానో! ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో నా వీపు మీద తెలిసింది. పైగా తడి బట్ట ఒంటి వేడిని పొడి బట్ట కన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది.

గైడ్ వెనక్కి తిరిగి చూసి చెయ్యెత్తింది. లంగరు దింపి నడిచొచ్చి, మాటా పలుకూ లేకుండా నా మెడ వెనక కాలర్‌లోకి రెండు వేళ్లు దూర్చింది. తడి తగిలింది. అక్కడికక్కడే బండ్లను గాలికి అడ్డంగా పెట్టించి, తను దుప్పటి పట్టుకుని నిలబడి, "ఇప్పుడే మార్చుకోండి" అంది. ఆ గాలిలో చొక్కా విప్పడం నా వల్ల కాదని ఏడుపొచ్చింది. ముప్పై సెకన్లలో విప్పించి పొడి ఉన్ని చొక్కా వేయించింది. విప్పిన చొక్కా చేతిలోనే అట్టలా బిగుసుకుపోయింది. జేబులోంచి పల్లీ పట్టీ తీసి కొరకబోతే రాయిలా ఉంది. తమ్ముడు తన లోపలి జేబులోది ఇచ్చాడు, అది మెత్తగా ఉంది. తినేవి, ఫోను, టార్చి బ్యాటరీలు అన్నీ ఒంటిని ఆనుకుని ఉండాలని ఆ రోజు నుంచి మరిచిపోలేదు.

సాయంత్రం అడవిలో కట్టె ఇంటికి చేరాక విశ్రాంతి అనుకోకండి. ముందు కుక్కల పని. పట్టీలు విప్పి, కాలి వేళ్ల సందుల్లో మంచు ఉండలు ఉన్నాయేమో చూసి, పడుకోవడానికి గడ్డి పరిచి, గడ్డకట్టిన మాంసం గొడ్డలితో నరికి వేడి నీళ్లలో కలిపి పెట్టాలి. అవి తిన్నాకే మనకు టీ. కరెంటు లేదు, కుళాయి లేదు. సరస్సు మీద మంచుకు కొట్టిన కన్నం మూత తీసి, పైన కట్టిన పలుచని పొర పగలగొట్టి, బకెట్లతో నీళ్లు మోయాలి. ఆడవాళ్లు నన్ను ముందు అడిగేది టాయిలెట్ గురించి. అది బయట, ఇరవై అడుగుల దూరంలో. కూర్చునే చోట థర్మాకోల్ పెట్టారు, అందుకే అసలు చల్లగా ఉండదు.

చెమట పట్టనిచ్చేది ఒక్క సౌనాలోనే, అంటే ఆవిరి స్నానపు గదిలోనే. కట్టెలతో కాల్చిన రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోస్తే ఆవిరి చెవుల అంచులు కాలుస్తూ మీదికి దిగుతుంది. ఆ ఆవిరికి వాళ్ల భాషలో ప్రత్యేకంగా ఒక పేరుంది, లోయ్‌లు. ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. రోజంతా వెన్నులో దాక్కున్న చలి అక్కడ కరిగి కారింది.

మూడో రాత్రి సౌనా నుంచి గదికి నడుస్తుంటే కుక్కలన్నీ లేచి కూర్చుని ఉన్నాయి. తల ఎత్తితే ఆకాశంలో ఆకుపచ్చ తెర ఊగుతోంది, అరోరా. ఫిన్నిష్‌లో దీన్ని రెవోన్‌తులెత్ అంటారు, నక్క మంటలు అని. వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్ పరమాణువులు విడిచే వెలుగు, తరంగదైర్ఘ్యం 557.7 నానోమీటర్లు. ఈ అంకె నాకు కంఠతా వచ్చు. అయినా తడి జుట్టు గడ్డకట్టేదాకా అలాగే నిలబడ్డాను. తమ్ముడు వచ్చి టోపీ పెట్టి లోపలికి లాక్కెళ్లాడు.

ఐదో రోజు శిబిరం చేరే ముందు ఆఖరి ఎక్కుడు ఒకటుంది. కిందే ఆగి నా జిప్ సగం దాకా దించాను. అడుగు తర్వాత అడుగు వేస్తూ, ఆయాసం రాకుండా తోశాను. కుక్కలు రెండుసార్లు వెనక్కి చూశాయి, నేను తొందరపడలేదు. పైన గైడ్ వచ్చి మామూలుగా కాలర్‌లోకి వేళ్లు పెట్టి, తలూపి వెళ్లిపోయింది. వెనక తమ్ముడు రొప్పుతూ వచ్చాడు. వాడి మెడ వెనక నేను వేళ్లు పెట్టాను, తడి.

"చొక్కా మార్చుకోరా."

"ఇంకో అరగంటలో ఇంటికెళ్లిపోతాంగా అక్కా!"

"ఇప్పుడే" అని వాడి సంచి విప్పి పొడి చొక్కా తీశాను.