పిన్ని పాల లెక్కలు ఎస్‌క్యూలైట్‌లోకి: ఆరు ఆదివారాల సంగతి

మా పిన్ని ఊళ్లో పాల కేంద్రం నడుపుతుంది. 62 మంది రైతులు, రోజుకు రెండు పూటలు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ (వెన్న శాతం) ఎంత వచ్చింది అన్నది పొడుగాటి నోటుబుక్కులో రాస్తుంది. నెలకు మూడు బిల్లులు: 1 నుంచి 10, 11 నుంచి 20, 21 నుంచి నెలాఖరు. బిల్లు రోజు రాత్రి పదకొండు దాకా క్యాలిక్యులేటర్ ముందు కూర్చుంటుంది. నేను ఆఫీసులో ఎక్సెల్ తప్ప ఇంకేమీ ముట్టుకోని మనిషిని. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) నేర్చుకోవాలని ఎప్పటి నుంచో ఉంది కానీ, పుస్తకాల్లో ఇచ్చే ఉద్యోగుల టేబుల్, జీతాల టేబుల్ చూస్తే నిద్ర వచ్చేది. పిన్ని నోటుబుక్కు చూశాక వచ్చిన నిద్ర పోయింది.

ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ప్రోగ్రామ్ ఎంచుకున్నా. సర్వర్ అక్కర్లేదు, డేటా మొత్తం ఒక్క ఫైల్‌లో ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఊరికి తీసుకెళ్లొచ్చు. ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది: టేబుళ్లకు, కాలమ్‌లకు తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు, కొటేషన్ గుర్తులు కూడా అక్కర్లేదు. సెలెక్ట్, ఫ్రమ్ లాంటి కీవర్డ్‌లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఇక్కడ చదవడానికి వీలుగా అవీ తెలుగులోనే రాస్తున్నా.

మొదటి ఆదివారం

ఎక్సెల్ అలవాటు కొద్దీ ఒకే టేబుల్ చేశా. ప్రతి వరుసలో రైతు పేరు, ఫోన్ నంబరు, తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, మొత్తం. నాలుగు రోజుల లెక్క ఎక్కించేసరికి ఒక రైతు ఫోన్ మార్చాడని పిన్ని చెప్పింది. ఎనిమిది చోట్ల దిద్దాలి. ఏడు చోట్ల దిద్దా. ఎనిమిదోది ఎక్కడుందో వెతుక్కునేటప్పుడు, 1970లో ఐబీఎంలో పనిచేస్తూ ఎడ్గర్ కాడ్ డేటాను టేబుళ్లుగా దాచడం గురించి ఆ పేపర్ ఎందుకు రాశాడో కొంచెం అర్థమైంది.

అన్నీ చెరిపేసి మూడు టేబుళ్లు చేశా: రైతులు, పాలు, దాణా. రైతు నంబరు పిన్ని దగ్గర ముందే ఉంది, క్యాన్ దగ్గర పిలిచేది కూడా ఆ నంబరుతోనే. అదే ప్రైమరీ కీ (ఒక్కో వరుసను గుర్తుపట్టే నంబరు) అయింది. పాలు టేబుల్‌లో రైతు, తేదీ, పూట మూడూ కలిపి యూనిక్ అని పెట్టా. ఒకే పూట ఎవరూ రెండుసార్లు పోయరు కదా అనుకున్నా. 17వ నంబరు దగ్గర ఎర్రర్ వచ్చింది.

"ఆయనకి ఆవు కూడా ఉందిరా, రెండు పాలూ విడివిడిగా పోస్తాడు" అంది పిన్ని.

రకం అని ఇంకో కాలమ్ కలిపా. నోటుబుక్కులో ఆ పేరు పక్కన చిన్న "ఆ" అని ఉంది. నాకు ఆనలేదు.

రెండో ఆదివారం

మొదటి పది రోజుల లెక్క ఎక్కించడం పూర్తయింది. అప్పుడు చూస్తే 72వ నంబరు రైతు పాలు పోసినట్టుంది. ఉన్నదే 62 మంది! 27ని తిరగేసి కొట్టా. ఫారిన్ కీ (పాలు టేబుల్‌లోని రైతు నంబరు రైతులు టేబుల్‌లో ఉండి తీరాలనే షరతు) రాసినా ఎస్‌క్యూలైట్ నోరెత్తలేదు. ఎందుకంటే దాంట్లో ఆ తనిఖీ మామూలుగా ఆపేసి ఉంటుంది. ఫైల్ తెరిచిన ప్రతిసారీ "ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్" అని మనమే చెప్పాలి. ఒకసారి చెబితే గుర్తుపెట్టుకోదు. ఇది తెలియక ఎంతమంది నమ్మకంగా పడుకుంటున్నారో!

డబ్బుల సంగతి. దశాంశాలతో డబ్బు దాచొద్దని ఎక్కడో చదివా, అందుకని అన్నీ పూర్ణాంకాలుగా పెట్టా: పాలు మిల్లీలీటర్లలో, ఫ్యాట్ పదింతలు చేసి (6.8 అయితే 68), రేటు పైసల్లో. మా కేంద్రంలో గేదె పాలకు లీటరు ధర అంటే ఫ్యాట్‌ను పాయింటు రేటుతో గుణించడమే. పాయింటు 7.50 అయితే 6.8 ఫ్యాట్ పాలు లీటరు 51 రూపాయలు, నాలుగున్నర లీటర్లకు 229.50. నా క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) 180 అంది.

రాసింది ఇది: (మిల్లీ / 1000) * (ఫ్యాట్ / 10) * రేటు

పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే ఎస్‌క్యూలైట్ దశాంశాన్ని కోసి పారేస్తుంది. నాలుగున్నర లీటర్లు నాలుగయ్యాయి, 6.8 కాస్తా 6 అయింది. అందరి పాలూ అలాగే తరిగాయి. మధ్యలో భాగించకుండా ముందు అన్నీ గుణించి, చివర ఒక్కసారే భాగించాలి:

మిల్లీ * ఫ్యాట్ * రేటు / 10000

22,950 పైసలు. సరిపోయింది.

మూడో ఆదివారం

పని చేయలేదు. బాబాయితో పెళ్లికి వెళ్లా.

నాలుగో ఆదివారం

ఈసారి గంటలు గంటలు పోయాయి. మొదటి బిల్లు తీశా. నంబరు 23కి ఆ పది రోజుల్లో 20 పూటలు పాలున్నాయి, రెండు బస్తాల దాణా అప్పు మీద తీసుకున్నాడు. పాల డబ్బులోంచి దాణా డబ్బు కోసుకుని మిగతాది ఇవ్వాలి. మూడు టేబుళ్లూ జాయిన్ చేసి (రైతు నంబరు కలిసిన వరుసల్ని పక్కపక్కన పెట్టి), రెండు సమ్‌లు (కూడికలు) పెట్టి, రైతు మీద గ్రూప్ బై చేశా, అంటే ఒక్కో రైతుకు ఒక్కో మొత్తం. వచ్చిన జవాబు: మైనస్ 39,380.

పిన్నికి చూపించా. కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఆ లెక్కన వాడు గేదెను కూడా మనకే తోలిచ్చి పోవాలిరా."

గ్రూప్ బై, సమ్ రెండూ తీసేసి ఊరికే వరుసలు చూశా. 20 ఉండాల్సిన చోట 40 ఉన్నాయి. అప్పుడు వెలిగింది. జాయిన్‌కి పాలు, దాణా వేర్వేరు సంగతులని తెలియదు, రైతు నంబరు కలిసిందా లేదా అన్నదే చూస్తుంది. 20 పాల వరుసల్లో ప్రతిదానికీ రెండు దాణా వరుసలూ వచ్చి తగులుకున్నాయి. దాంతో 4,310 పాల డబ్బు 8,620 అయింది. రెండు బస్తాలూ కలిపి 2,400 దాణా డబ్బు ఇరవైసార్లు లెక్కకొచ్చి 48,000 అయింది. దాణా తీసుకోని రైతుల బిల్లులు అసలు రాలేదు, ఒక్క బస్తా తీసుకున్నవాళ్ల పాల డబ్బు మాత్రం సరిగ్గానే వచ్చింది. అందుకే పైపైన చూసినప్పుడు పట్టుకోలేకపోయా.

దిద్దాక ఇలా ఉంది:

విత్ పా యాజ్ (సెలెక్ట్ రైతు, సమ్(పైసలు) యాజ్ పాలడబ్బు ఫ్రమ్ పాలు గ్రూప్ బై రైతు),
దా యాజ్ (సెలెక్ట్ రైతు, సమ్(పైసలు) యాజ్ దాణాడబ్బు ఫ్రమ్ దాణా గ్రూప్ బై రైతు)
సెలెక్ట్ పా.రైతు, పాలడబ్బు - కోయలెస్(దాణాడబ్బు, 0)
ఫ్రమ్ పా లెఫ్ట్ జాయిన్ దా ఆన్ పా.రైతు = దా.రైతు;

(బిల్లు తేదీల షరతు రెండు సమ్‌ల లోపలా ఉంటుంది, పొడవు తగ్గించడానికి ఇక్కడ వదిలేశా.)

ముందు ఒక్కో వైపు రైతుకు ఒక్కటే వరుస అయ్యేలా కూడి, ఆ తర్వాతే కలపాలి. లెఫ్ట్ జాయిన్ అంటే కుడివైపు జత దొరక్కపోయినా ఎడమవైపు వరుసను ఉంచుతుంది, జత లేనిచోట నల్ (ఖాళీ) పెడుతుంది. ఆ నల్‌ను కోయలెస్ 0 చేస్తుంది. అది లేకపోతే దాణా తీసుకోనివాళ్ల బిల్లు నల్ అయిపోతుంది, ఎందుకంటే 4,000లోంచి నల్ తీసేస్తే వచ్చేది నల్లే. ఇప్పుడు ఏ క్వెరీ రాసినా మొదట సమ్ లేకుండా నడిపి, వరుసలు ఎన్ని వచ్చాయో చూస్తా. టీ తాగే టైము కూడా పట్టదు.

ఐదో ఆదివారం

11వ తేదీన పాయింటు రేటు 7.80 అయింది. రేటు ఒక్కచోటే ఉందిగా అని హాయిగా మార్చేశా. దాంతో చెల్లించేసిన మొదటి బిల్లులన్నీ పెరిగి కూర్చున్నాయి. అందుకని రేట్లు అని నాలుగో టేబుల్ పెట్టా: ఎప్పటి నుంచి, ఎంత. పాలు పోసిన తేదీ నాటికి వచ్చిన రేట్లలో చివరిది తీసుకోమని సబ్‌క్వెరీ (క్వెరీ లోపల ఇంకో క్వెరీ): వేర్ ఎప్పటినుంచి <= పాలు.తేదీ ఆర్డర్ బై ఎప్పటినుంచి డెస్క్ లిమిట్ 1. ఫోన్ నంబరు మారితే పాతది పోవాలి, రేటు మారితే పాతది ఉండి తీరాలి.

బిల్లును తేదీని బట్టి మూడుగా విడగొట్టే దగ్గర ఇంకో తమాషా. ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్‌తో (తేదీల ఫంక్షన్) రోజు తీసి, 10 లేదా అంతకంటే తక్కువైతే మొదటి బిల్లు అని కేస్ (షరతు) రాశా. అన్నీ మూడో బిల్లులోనే పడ్డాయి. ఆ ఫంక్షన్ ఇచ్చేది అంకె కాదు, అక్షరాలు. ఎస్‌క్యూలైట్ లెక్కలో ఏ అక్షరమైనా ఏ అంకె కంటే అయినా పెద్దదే. కాస్ట్ పెట్టి ఇంటిజర్ (పూర్ణాంకం) చేశాక దారికొచ్చింది. తేదీలు కూడా సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు వచ్చేలా దాచాలి, లేకపోతే ఫిబ్రవరి 3 తర్వాత మార్చి 3 వచ్చి నిలబడుతుంది.

అన్నిటికంటే ఏడిపించింది మాత్రం సురేష్. దాణా వివరాలు పిన్ని ఫోన్‌లో టైప్ చేసి పంపింది, నంబర్లు లేవు, పేర్లే ఉన్నాయి. అందరూ కలిశారు, సురేష్ కలవలేదు. రెండు చోట్లా కంటికి ఒకేలా ఉంది. లెంగ్త్ అడిగితే ఒకటి 6, ఇంకోటి 7. (అక్షరాలు మూడే కదా అనొద్దు. గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి, "శ్రీ" ఒక్కటే నాలుగు.) ఫోన్ కీబోర్డు పొల్లు తర్వాత కనబడని గుర్తు ఒకటి పెట్టింది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారట. దాని యూనికోడ్ సంఖ్య దశాంశంలో 8204. రిప్లేస్(పేరు, కార్(8204), '') అని అప్‌డేట్ కొడితే పోయింది. కాకపోతే ఆ గుర్తు మధ్యలో నిజంగా కావలసిన పేర్లు కూడా ఉంటాయి, అందుకే అసలు పేరు అలాగే ఉంచి, పోల్చడానికి వేరే కాలమ్ పెట్టుకున్నా. కాలమ్ పేర్లలో కూడా ఇది దూరితే "అలాంటి కాలమ్ లేదు" అంటుంది, అది కళ్లముందే ఉన్నా సరే.

ఆరో ఆదివారం

పిన్ని అడిగింది: ఈ పది రోజుల్లో ఎవరు పాలు పోయలేదో చెప్పగలవా? ఎవరి గేదె వట్టిపోయిందో, ఎవరు వేరే కేంద్రానికి పోతున్నారో తెలుస్తుందని. రైతుల నుంచి పాలకు లెఫ్ట్ జాయిన్, పాలు.రైతు ఈజ్ నల్. తేదీ షరతు మొదట వేర్‌లో (జాయిన్ అయ్యాక వడగట్టే చోట) పెట్టా, ఒక్కరూ రాలేదు. పాలు లేని వరుసకు తేదీ కూడా నల్ కాబట్టి వేర్ దాన్ని బయటికి తోసేసింది. షరతును ఆన్‌లోకి (జాయిన్ షరతుల్లోకి) మార్చాక ఐదుగురు వచ్చారు. పిన్ని లిస్టు చూసి నలుగురికి కారణం అక్కడికక్కడే చెప్పింది, ఐదో పేరు దగ్గర ఏమీ అనలేదు.

ఇండెక్స్ (త్వరగా వెతకడానికి విషయసూచిక లాంటిది) కూడా పెట్టి చూశా. ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్‌లో స్కాన్ (అన్ని వరుసలూ చదవడం) అన్నది సెర్చ్‌గా (కావలసినవే వెతకడం) మారింది. చూడముచ్చటగా ఉంది కానీ, ఏడాదికి 45 వేల వరుసల దగ్గర నాకు తేడా ఏమీ తెలియలేదు.

చివరికి నోటుబుక్కు మొత్తాలను కూడా ఒక కాలమ్‌లో ఎక్కించి, రెండో బిల్లు పోల్చా. 62 మందిలో 57 మంది పోశారు, 56 సరిపోయాయి. 41వ నంబరుకి నా లెక్క 3,286, నోటుబుక్కులో 3,186. మళ్లీ నా జాయినే ఎక్కడో తప్పిందనుకుని అరగంట వెతికా. పిన్ని స్క్రీన్ వైపు చూడను కూడా చూడలేదు.

"సరిగ్గా వందే తేడానా? అయితే నాదే. ఆ రోజు కరెంటు పోయింది, క్యాలిక్యులేటర్ కనబడక నోటితోనే లెక్కేశా. చేతిలో ఒకటి మరిచిపోయుంటా."

నోటుబుక్కు తీసి, ఆ పేజీలో వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పదుల వరుస మళ్లీ కూడింది. ఎర్ర పెన్నుతో 1 కొట్టేసి 2 వేసింది. డబ్బాలోంచి వంద నోటు తీసి ఆ పేజీలోనే మడిచి పెట్టింది, పొద్దున పూటకి ఆయన వచ్చినప్పుడు ఇవ్వడానికి.

మూడో బిల్లు ఇంకా నోటుబుక్కులోనే ఉంది. ఆవు పాలకు ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాకుండా పాలల్లో ఉండే గట్టి పదార్థం) కోత ఎలా వేస్తుందో పిన్ని చార్టు ఫొటో పంపుతానంది, అది వచ్చాక రేట్లు టేబుల్ మళ్లీ విప్పాలి.