పైకప్పు జరిగే బండి

శనివారం, రాత్రి

ఈ ఉదయం మా వీధి చివర ఉండే పెద్దాయన నర్సరీ నుంచి మేపుల్ మొక్క తెచ్చుకోవాలంటే సాయంగా వెళ్లాను. ఆయన షెడ్డులోంచి బయటికి తీసినది 1963 నాటి స్టూడీబేకర్ కంపెనీ కారు, వాగనెయిర్. మేము అమెరికాలోని సౌత్ బెండ్‌కు వచ్చి ఆరేళ్లయినా, ఈ ఊళ్లోనే తయారైన ఆ కారు రోడ్డు మీద నడవడం చూసింది ఇవాళే.

ఆరడుగులు దాటిన ఆ మొక్కను పడుకోబెడితే కొమ్మలు విరుగుతాయేమోనని నేను తటపటాయిస్తుండగా, ఆయన గడియ తీసి పైకప్పు వెనుక భాగాన్ని చేత్తో ముందుకు నెట్టారు. ఆ పలక జారి వెనుక సీటు పైభాగాన కుదురుకోగానే, సామాను పెట్టే చోటంతా ఆకాశానికి తెరుచుకుంది. మడత మెట్టు మీద కాలుపెట్టి ఎక్కి, మొక్కను నిలువుగానే నిలబెట్టి తాళ్లతో కట్టాను.

దీన్ని రూపొందించినవారు మిల్వాకీకి చెందిన బ్రూక్స్ స్టీవెన్స్. ఫ్రిజ్‌ను సైతం నిలబెట్టి తీసుకుపోవచ్చన్నది ఆయన ఆలోచనలోని బలం. అయితే తొలి బండ్లలో కప్పు సందుల నుంచి వాననీరు లోపలికి కారేది. పిల్లాపాపలతో తిరిగే కారులో అది చిన్న లోపం కాదు. కంపెనీ కదలని కప్పుతో కూడా ఇదే కారును అమ్మవలసి వచ్చింది. అయినా ఆ ఆలోచన మీద నాకు గౌరవం తగ్గలేదు. స్టూడీబేకర్ సోదరులు 1852లో ఇక్కడ కమ్మరి కొలిమి పెట్టి, గుర్రాలు లాగే బండ్లు చేసి పేరు తెచ్చుకున్నవారు. పైన కప్పు లేని బండిలో సరుకును ఎంత ఎత్తుకైనా పేర్చవచ్చు. గడ్డి వేసుకుని ఊళ్లోకి వచ్చే మా ఎడ్లబండ్లూ అంతే. మనం కారునూ బండే అంటాం గనుక కాబోలు, నూరేళ్లు దాటాక ఆ పాత బండి ఈ కారులో మళ్లీ తల ఎత్తినట్టు నాకు తోచింది.

తిరుగుదారిలో పెద్దాయన, తన తండ్రి ఇక్కడి స్టూడీబేకర్ ఫ్యాక్టరీలోనే పనిచేసేవారని, 1963 డిసెంబరులో అది మూతపడ్డాక ఉత్పత్తి కెనడాలోని హామిల్టన్‌కు తరలి 1966 మార్చిలో అక్కడా ఆగిపోయిందని చెప్పి, ఇంటిదాకా మళ్లీ మాట్లాడలేదు.

మొక్క నాటాక, రాత్రికి వాన ఉందంటూ, కప్పు జారే గాడుల్లో చిక్కుకున్న ఎర్రటి ఆకు ముక్కలను ఆయన ఒక్కొక్కటే ఏరి, గుడ్డతో తుడిచి, ఆ తరువాతే పలకను వెనక్కి లాగారు.