రామప్ప కట్ట మీద ఆదివారం

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ఇంకా వారం ఉంది. ఆదివారం ఖాళీగానే ఉన్నానని బాపును తీసుకుని పాలంపేట పోయాను. హనుమకొండలో ములుగు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో. వచ్చినవాళ్లు ఎక్కువగా రామప్ప గుడి చూసి వెనక్కి తిరుగుతారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం ఇంకా పెరిగారు, సంతోషమే. కానీ 1213 నాటి ఆ గుడికి కాస్త దూరంలోనే, దాన్ని కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడి కాలంనాటి చెరువు ఉంది. అది చూడకపోతే రామప్ప సగమే చూసినట్టని నా నమ్మకం.

చెరువును చూడడమంటే కట్ట మీద నిలబడి సెల్ఫీ దిగడం కాదు, నడవాలి. మేం పొద్దున్నే నడక మొదలుపెట్టాం. కట్ట వాలు పొడవునా గునుగు పూసింది. దగ్గరికి పోయి చూస్తే ఒక్కో పువ్వు కింద తెల్లగా, కొసకు పోయేకొద్దీ లేత గులాబీగా ఉంది. మంచుకు తడిసి కాడ కొంచెం వంగింది. ఇద్దరు ఆడపిల్లలు సంచి పట్టుకుని తంగేడు ఎక్కడుందో వెతుకుతున్నారు. "ఇప్పుడే కోస్తే వాడిపోతది గదనే" అన్నాడు బాపు. "ఎక్కడున్నదో చూసి పెట్టుకుంటున్నం తాతా" అందో పిల్ల.

బాపు పాత రైతు. నేను నీళ్లు చూస్తుంటే ఆయన నేల చూస్తాడు. కొంత దూరం పోయాక ఆగి, చెయ్యి చాపి చూపించాడు.

"కట్ట ఎంత పొడుగున్నదని చూడకు బిడ్డా, అటూ ఇటూ గుట్టలు చూడు. మనిషి పోసిన మట్టి కొంచెమే. మిగతా నీళ్లన్నీ గుట్టలే ఆపుతున్నయ్."

అప్పుడు నాకు అర్థమైంది. చెరువు కట్టినవాళ్లు ముందు ఈ గుట్టలన్నీ నడిచి, వాన నీళ్లు ఎటు జారుతాయో, గుట్టలు ఎక్కడ దగ్గరపడతాయో చూసుకుని ఉంటారు. ఆ సందులోనే కట్ట పోశారు. కారులో వచ్చి పోతే ఇది కనబడదు. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు బయటికి దుంకే మత్తడి సంగతీ ఆయనే చెప్పాడు. మట్టికట్ట మీద నుంచి నీళ్లు దుంకితే కట్టే కోసుకుపోతుంది, అందుకే గట్టి నేల దొరికిన చోట, పక్కకు పెడతారట. నీళ్ల వైపు వాలుకు రాళ్లు పేర్చేది కూడా అలలు మట్టిని తినకుండా ఉండడానికే.

కట్ట దిగి గుట్ట అంచు పట్టుకుని సన్నటి బాటలో కొంచెం దూరం పోయాం. అది గొర్లు, బర్లు, చేపలు పట్టేవాళ్లు వేసిన బాట. తెప్ప ఒడ్డుకు లాగి ఒకాయన వలకు పట్టిన నాచు ఏరుతున్నాడు. బాపు పక్కన కూర్చుని కొర్రమీను ధర అడిగాడు. అక్కడి నుంచి వాళ్ల ముచ్చట వానల మీదికి, దేవాదుల ఎత్తిపోతల నీళ్ల మీదికి పోయింది. నీటికాకి ఒకటి మునిగి ఎక్కడ తేలుతుందో చూస్తూ నేను కూర్చున్నాను.

నాకు బాధ కలిగించింది పగిలిన సీసాలు. ఆ బాటలో చెప్పుల్లేకుండా నడిచే పిల్లలున్నారు, పశువులున్నాయి. తాగినవాళ్లు ఖాళీ సీసా తిరిగి తీసుకుపోతే ఏం పోయింది? ఈ బాటలకు టైల్స్, రెయిలింగులు నాకొద్దు. కంప కొట్టి, దారి తెలిసేలా అక్కడక్కడా ఒక రాయి నాటి, తూము దగ్గర, మత్తడి దగ్గర అది ఏం పని చేస్తుందో తెలుగులో రెండు ముక్కలు రాసి పెడితే చాలు. బడిపిల్లలను గుడితో పాటు ఇక్కడికీ నడిపించాలి.

బతుకమ్మ అయ్యాక లక్నవరం పోదామన్నాడు బాపు. అక్కడా గుట్టల నడుమే చెరువు. వేలాడే వంతెన దాకానే కాకుండా కట్ట చివరిదాకా పోవాలని ఉంది. అంతకంటే ముందు ఆయనకు మంచి బూట్లు కొనాలి. చెప్పులతో రాళ్ల మీద నడిచి సాయంత్రానికి మోకాలు పట్టేసింది, జండూబామ్ రాసి పడుకోబెట్టాను.